పచ్చ పొర కింది గీతలు

2023 మే నెలాఖరు. రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి కాస్త నడిస్తే వచ్చే ఒక స్థలంలో ఆఫీసు టవర్ కోసం పునాది తవ్వుతున్నారు. పైకి ఎంత ఎత్తు కడితే కార్ల కోసం కిందికి అంత లోతు పోవాలి కాబట్టి, ఆ గుంత ఆరంతస్తుల మేడ మునిగిపోయేంత ఉంది. నాలుగు వైపులా నిలువుగా కోసిన గ్రానైట్ గోడలు. అడుగున నిలబడి తలెత్తితే క్రేన్ల చేతులు, వాటి పైన ఒక నలుచదరపు ఆకాశం, అంతే.

నేను ఇంజనీరింగ్ జియాలజిస్టుని. కాంక్రీటు ఎంత, ఇనుము ఎంత అని చెప్పేవాళ్లు వేరే ఉంటారు. కింద ఉన్న రాయి ఎలాంటిది, తవ్విన గోడ నిలబడుతుందా లేదా అన్నది చెప్పడం నా పని. గ్రానైట్ అంటే అతుకు లేని ఒకే ముద్ద అనుకుంటారు చాలామంది. దగ్గరికి వెళ్లి చూస్తే దాని నిండా పగుళ్లే. రెండు పగుళ్లు గోడ లోపల ఒకదానితో ఒకటి కలిశాయంటే, వాటి మధ్య ఉన్న రాయి గాటు పెట్టిన పుచ్చకాయ ముక్కలా జారి పడటానికి సిద్ధంగా ఉంటుంది. దాన్ని మేం వెడ్జ్ అంటాం. వానాకాలం పగుళ్లలోకి నీళ్లు దిగితే ఆ జారడం మరీ సులువు. కింద పనిచేసేవాళ్లకు పక్కకు తప్పుకునే వ్యవధి కూడా ఉండదు.

ఆ రోజు సైట్ ఇంజనీరు మహేందర్ ఫోన్ చేశాడు. సిద్దిపేట దగ్గరి కుర్రాడు, ముప్ఫై ఏళ్లుంటాయి. అనవసరంగా కంగారు పడే మనిషి కాదు.

"మేడం, పడమటి గోడ నుంచి పెద్ద పలక ఒకటి ఊడొచ్చింది. ఎవ్వలకు దెబ్బ తాకలే. కానీ దాని ఎనక గోడ పచ్చగ ఉన్నది. నున్నగ, పెయింట్ ఏసినట్టు. మీరొచ్చి జర చూడాలె."

వెళ్లి చూశాను. మనిషి నిలువుకు రెండింతల ఎత్తున్న ఒక వాలు పలక, ఈశాన్యం నుంచి నైరుతికి సాగి, గుంత వైపు వాలి ఉంది. దాని మీద ముదురాకుపచ్చ పొర. అది ఎపిడోట్ అనే ఖనిజం. భూమి లోతులో వేడి నీళ్లు పగుళ్ల గుండా పారినప్పుడు పేరుకుంటుంది. ఆ పొర మీద దువ్వెనతో గీసినట్టు సన్నని గీతలు. ఇలాంటి నున్నటి ఉపరితలాన్ని స్లికెన్‌సైడ్ అంటారు. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట ఆ పగులుకు ఇటూ అటూ ఉన్న రాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగినప్పుడు పడ్డ ఒరిపిడి అది.

నా పని వరకు ఆ గోడ చెప్పింది సూటిగానే ఉంది. పలక జారుడుగా ఉంది, గుంత వైపు వాలింది, పైన ఇంకో పగులుతో కలుస్తోంది. వానలు మొదలయ్యేలోగా రాక్ బోల్టులు, అంటే రాయిలోకి దిగ్గొట్టే పొడవాటి ఇనుప కడ్డీలు, వేసి తీరాలి. ఆపైన షాట్‌క్రీట్ కొట్టాలి. పైపుతో గోడ మీదికి చిమ్మే కాంక్రీటును షాట్‌క్రీట్ అంటారు. సాయంత్రానికి ఆ మాటే రాసి పంపాను. ఆలస్యం చేయవద్దని కింద గీత గీసి మరీ రాశాను.

రాసి పంపాక, ఫోన్‌లో తీసిన ఫొటోలు మళ్లీ చూస్తుంటే కనిపించింది. ఆ పచ్చ పలక మీద గీతలు ఒక వరస కాదు, రెండు వరసలు. ఒకటి దాదాపు అడ్డంగా, ఇంకొకటి కాస్త వాలుగా. సువర్ణ గుర్తొచ్చింది.

సువర్ణది మాదాపూరే. ఆ పేరు వింటే ఐటీ ఆఫీసులు కాక, ఎర్రమట్టి దారి, దారి పక్కన రాతి గుట్టలు గుర్తొచ్చే తరం. తొంభైలలో మేమిద్దరం ఒకే విభాగంలో పరిశోధన మొదలుపెట్టాం. నేను తెనాలి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేదాన్ని. నా అంశం భూగర్భ జలాలు. ఆమె అంశం పాలియోస్ట్రెస్, అంటే పురాతన ఒత్తిడి. రాళ్ల మీది ఇలాంటి గీతలు ఎటు సాగాయో, పగులుకు అవతలి రాయి ఎటు జరిగిందో చాలా పలకల మీద కొలిచి లెక్క కడితే, ఆనాడు ఈ నేలను ఏ దిక్కు నుంచి నొక్కారో చెప్పవచ్చు. ఎంత బలంగా నొక్కారో తెలియదు. దిక్కు మాత్రం తెలుస్తుంది.

ఫీల్డుకు ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. ఆమె లూనా నడిపేది, నేను వెనక సుత్తి, కంపాస్, టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చునేదాన్ని. రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, ఖాజాగూడ గుట్టలన్నీ అలా తిరిగాం. సువర్ణ కళ్లు వేరు. నేను రాయిని చూసేలోగా ఆమె రాయి మీది గీతను చూసేది.

ఆమెకు రెండు రకాల గీతలు దొరికాయి. కొన్ని పలకలు ఎడమకు జరిగాయి, కొన్ని కుడికి. ఇలా ఈశాన్యానికి సాగే పగుళ్లను ఉత్తర దక్షిణాల నుంచి నొక్కితే అవతలి వైపు ఎడమకు జరుగుతుంది. తూర్పు పడమరల నుంచి నొక్కితే కుడికి జరుగుతుంది. అంటే ఈ నేలను వేర్వేరు కాలాల్లో రెండు దిక్కుల నుంచి నొక్కారన్నమాట. ఏది ముందు? ఎడమ గీతలు ఎక్కువ అరిగి కనిపించేవి కాబట్టి అవే పాతవి, ఉత్తర దక్షిణాల ఒత్తిడే ముందు అని సువర్ణ నమ్మకం. మా గైడ్ మాత్రం ఒప్పుకునేవారు కాదు. "రెండూ ఒకే పలక మీద చూపించు, ఏది పైన ఉందో చూపించు, అప్పుడు నమ్ముతాను" అనేవారు.

అలాంటి పలక దొరకలేదు. పైన ఉన్న బండల్లో సగం దొర్లి వచ్చినవి. దొర్లిన బండ మీద గీత ఏ దిక్కు చూపితే ఏం లాభం? కదలకుండా ఉన్నవేమో ఎండకు వానకు పొట్టు రాలి గీతలు పోగొట్టుకున్నవి. మూడో ఏడు ఆమె తండ్రికి పక్షవాతం వచ్చింది. ఇంటికి పెద్దది, వెనక ముగ్గురు తమ్ముళ్లు. అప్పుడే మాదాపూర్‌లో ఆఫీసులు లేస్తున్నాయి, ఉద్యోగాలకు వచ్చే ఆడపిల్లలు గదుల కోసం వెతుక్కుంటున్నారు. సువర్ణ ఇంట్లో ఒక గది కిరాయికి ఇచ్చింది. తరువాత ఇంకొకటి. వాళ్లకు వంట కూడా మొదలుపెట్టింది. అలా అది లేడీస్ హాస్టల్ అయింది. మొదట్లో నేను వెళ్లినప్పుడల్లా "వచ్చే ఏడు మళ్ల షురూ చేస్త" అనేది. కొన్నాళ్లకు ఆ మాట అనడం మానేసింది. పెళ్లిళ్లలోనో పేరంటాల్లోనో కలిస్తే మాత్రం నా చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, "ఏందే, అసొంటి రాయి ఏమన్న కండ్ల పడ్డదా?" అని అడిగేది. లేదంటే తల ఊపి, భోజనాల వైపు నడిచేది. ఎన్నేళ్లైనా ఆ ప్రశ్న మారలేదు.

ఆ సాయంత్రం ఫొటో పంపకుండా ముందు ఫోన్ చేశాను. వెనక కుక్కర్ కూతలు.

"సువర్ణా, రాయదుర్గంలో ఒక గోడ తెరుచుకుంది. రెండు గీతలూ ఒకే పలక మీద ఉన్నాయే."

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు. "ఒకే పలక మీదనా?" అంది. "నువ్వు కండ్లార చూసినవా?"

"చూశాను. ఏది పైనుందో మాత్రం నాకు తేలడం లేదు. నువ్వు రావాలి."

"ఎప్పుడు మూసేస్తరు?"

మూసేయమని రాసింది నేనేనని చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. "మంచిగ రాసినవ్. కింద మనుషులుంటరు కదా" అని, "నేనొస్త. ఎట్లన్న చేసి ఒక పూట ఆపు" అంది.

మర్నాడు మహేందర్‌ను అడిగాను. అతను హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు.

"ఏంది మేడం గిట్ల? జల్దీ కొట్టమని రాసింది మీరే, ఆపమనేది మీరే. మీద ఆకాశం చూడుండ్రి, ఎప్పుడు పడ్తదో తెల్వదు."

"బోల్టులు ఆపమనడం లేదండి. అవి ఈరోజే వేసేయండి. బోల్టు చుట్టూ పోసిన సిమెంటు గ్రౌట్ గట్టిపడేదాకా ఎలాగూ షాట్‌క్రీట్ కొట్టరు కదా. ఆ మధ్యలో రేపు ఒక్క రోజు నాకివ్వండి. నా తరఫున ఇంకో జియాలజిస్టు వచ్చి కొలతలు తీస్తారు."

"ఎవరు మేడం? కంపెనీ ఏది?"

"కంపెనీ లేదు. మాదాపూర్‌లో హాస్టల్ నడుపుతుంది. కానీ ఈ రాళ్ల మీద ఆమెకున్న పట్టు నాకు లేదు."

అతను నన్ను వింతగా చూశాడు. "సేఫ్టీ క్లాసు విని సంతకం పెట్టాలె. బూట్లు, జాకెట్, నడుముకు బెల్టు ఉండాలె. వాన చినుకు పడ్డదంటే నేను పిలిచిన నిమిషంల బయటికి రావాలె. గిది ఒప్పుకుంటే పరేషాన్ లేదు" అన్నాడు.

సువర్ణ పొద్దున్నే వచ్చింది. పంజాబీ డ్రెస్, బిగించి అల్లిన జడ. హాస్టల్ పిల్లలకు ఉప్మా చేసి వచ్చిందేమో, చేతుల మీద పోపు వాసన. ఇచ్చిన బూట్లు పెద్దవైతే కాళ్లకు రెండేసి మేజోళ్లు వేసుకుంది. మేమిద్దరం యాభై దాటినవాళ్లం, మోకాళ్లు చెప్పిన మాట అంతగా వినవు. ఐరన్ మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె కిందికి చూడలేదు, గోడల వంకే చూసింది. "మనం గుట్టల మీద తిరిగినప్పుడు గిదంత కాళ్ల కిందనే ఉన్నదే" అంది ఒకసారి.

గోడ ముందు మహేందర్ పరంజా కట్టించి ఉంచాడు. బోల్టుల తలల దగ్గర ఇనుప బిళ్లలు మెరుస్తున్నాయి. సువర్ణ పలక దగ్గరికి వెళ్లింది. వెంటనే కొలుస్తుందనుకున్నాను. కొలవలేదు. గ్లౌజు తీసి అరచేయి ఆనించి అలాగే నిలబడింది. తరువాత ఆ చేతిని గీతల వెంబడి ఒకవైపు నడిపింది, మళ్లీ ఎదురు నడిపింది. ఒకవైపు నున్నగా పోతుంది, ఎదురు నడిపితే సన్నని మెట్లు వేళ్లకు తగులుతాయి. నున్నగా పోయిన వైపే సాధారణంగా అవతలి రాయి జరిగిన వైపు. తప్పకుండా అంతే అని కాదు, మొదటి ఊహకు అది చాలు.

"అడ్డంగున్నయి ఎడమకు" అంది. కాస్త జరిగి వాలు గీతల మీద చేయి పెట్టి, "ఇవి కుడికి" అంది.

నా క్లైనోమీటర్ కంపాస్ ఆమెకిచ్చాను. వాలు, దిక్కు రెండూ కొలిచే పరికరం అది. పలకకు ఆనించి చూసి, జానెడు పక్కకు జరిపి మళ్లీ చూసి, మొహం చిట్లించింది. "ముల్లు అబద్ధం చెప్తున్నదే. ఈ బోల్టులన్నీ ఇనుమాయె." నిజమే, అంత ఇనుము పక్కనుంటే కంపాస్ ముల్లు దారి తప్పుతుంది. మహేందర్ సర్వే డ్రాయింగు తెప్పించాడు. గోడ బారు కచ్చితంగా ఏ దిక్కుకు ఉందో అందులో ఉంటుంది. ఆ బారు నుంచి పలక ఎంత పక్కకు తిరిగి ఉందో కొలుచుకుని దిక్కు లెక్కగట్టాం. వాలుకు, గీతల కోణానికి ముల్లుతో పని లేదు. ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. పాతికేళ్ల కిందట కూడా ఇలాగే, ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. మధ్యాహ్నానికల్లా ఆ గోడ మీదివీ, పక్క గోడ మీదివీ కొలవదగ్గ పలకలన్నీ కొలిచేశాం.

అసలు ప్రశ్న మిగిలింది. ఏది ముందు, ఏది తరువాత?

సువర్ణ నీళ్ల సీసా తీసి పలక మీద పోసింది. తడిస్తే రంగులు తేలతాయి. భూతద్దం కంటికి పెట్టుకుని, మొహం రాతికి ఆనేంత దగ్గరగా వంగి, అంగుళం అంగుళం వెతుకుతూ పోయింది. రెండు వరసలూ ఒకదాన్నొకటి దాటే చోట్లన్నీ పచ్చ పొర పలచబడి చిందరవందరగా ఉన్నాయి. కాసేపు నేను వెతికాను, కాసేపు ఆమె. పైన ఆకాశం నల్లబడింది. గుంతలోకి ఒక్కసారిగా చల్లగాలి దిగింది.

"మేడం, ఇగ చాలు. రాండ్రి" అని కింద నుంచి మహేందర్ కేక.

"ఒక్క నిమిషం బిడ్డా" అంది ఆమె అటు చూడకుండానే.

పలక కుడి అంచున అరచేయంత మేర పచ్చ పొర పెచ్చు ఊడిపోయి ఉంది. అడ్డ గీతలు ఆ పొర మీద ఉన్నాయి, పెచ్చు ఊడిన అంచు దాకా వచ్చి తెగిపోయాయి. ఊడిన చోట, కింద బయటపడ్డ బూడిదరంగు రాతి మీద, వాలు గీతలు. అవి పెచ్చు అంచు దగ్గర పచ్చ పొర కిందికి దూరిపోయి, అవతల ఇంకో చిన్న పెచ్చు ఊడిన చోట మళ్లీ పైకి తేలాయి. అదే కోణం, అదే వరస. ఆమె వేలితో ఒకచోటు నుంచి ఇంకోచోటికి గీత గీసి చూపింది. నాకు అర్థమైంది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది.

వాలు గీతలు కింద ఉన్నాయి. అంటే కుడికి జరిగిందే ముందు. ఆ తరువాత ఎప్పుడో వాటి మీద పచ్చ పొర పేరుకుంది, ఎడమకు జరిగినప్పుడు ఆ పొర మీద గీతలు పడ్డాయి. తూర్పు పడమరల ఒత్తిడి ముందు, ఉత్తర దక్షిణాలది తరువాత. సువర్ణ ఇన్నేళ్లూ నమ్మినదానికి ఇది సరిగ్గా ఎదురు.

నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. పిలవకుండా ఉంటే బాగుండేదా అనిపించింది. ఆ నమ్మకమైనా మిగిలేది కదా.

"గవి అరిగింది ఎండకు, వానకే. వయసుకు కాదు" అంది నెమ్మదిగా. పాత గుట్టల మీది ఎడమ గీతల గురించి. "ఎండ, వాన తగిలే దిక్కున ఉన్నయి కాబట్టి అరిగినయి. నేను పాతయనుకున్న." భూతద్దం మూసి జేబులో పెట్టుకుంది. "మన గైడ్ సార్ నమ్మకపోవుడే మంచిదైంది."

"బాధగా ఉందా?"

"ఉండదా? ఇన్నేండ్లు రోటీలు చేస్కుంట, చారు పోపేస్కుంట, మనసుల అదే లెక్క ఏస్కున్న. అది తప్పు లెక్క." కళ్లు తుడుచుకోలేదు, చేతులకంతా రాతి పొడి. "కానీ తప్పని ఇయ్యాల తెల్సింది కదనే. తెల్వకుంటే గట్లనే పోతుంటి."

చినుకులు మొదలయ్యాయి. మహేందర్ స్వయంగా పరంజా దగ్గరికి వచ్చి మమ్మల్ని దింపాడు. సైట్ ఆఫీసు రేకుల కింద నిలబడి టీ తాగుతుంటే అతను అడిగాడు. "ఏమనుకోకుండ్రి మేడం. ఎన్నడో ఎవరు నొక్కిన్రో తెలిస్తే మనకేం వస్తది?"

సువర్ణ నవ్వింది. "ఏం రాదు బిడ్డా. మీ నాయనమ్మ చిన్నప్పుడు ఎట్లుండెనో తెల్సుకోవాల్నని నీకు ఎన్నడు అనిపియ్యలేదా? తెలిస్తే నీకేం వస్తది?"

"మా నాయనమ్మను నేను చూడలే" అన్నాడతను. తరువాత వెళ్లి ఇంకో టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

మర్నాడు షాట్‌క్రీట్ కొట్టారు. పర్యవేక్షణకు నేనుండాలి, ఉన్నాను. సువర్ణను రమ్మన్నాను గానీ, "ఆ పని నువ్వు చూస్కో, నాకు వంటున్నది" అంది. పైపు నుంచి బూడిదరంగు ముద్ద చిమ్ముతుంటే పచ్చ పలక కింది నుంచి పైకి మూసుకుపోయింది. పని పద్ధతిగా జరిగింది, మందం సరిపోయింది, ఆ వానాకాలమంతా గోడ నుంచి పెళ్ల కూడా రాలలేదు. వృత్తిరీత్యా నాకు కావలసింది అదే. అయినా కారులో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పబుద్ధి కాలేదు.

కొలతలన్నీ కంప్యూటర్లో వేసి లెక్క కట్టాం. ఆదివారాలు హాస్టల్ భోజనాల గదిలో కూర్చుని చేసేవాళ్లం. చుట్టూ అమ్మాయిలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తింటూ ఉండేవాళ్లు. రెండు ఒత్తిళ్లూ శుభ్రంగా విడిపోయాయి, వరస కూడా ఆ గోడ చెప్పినట్టే. చిన్న వ్యాసం రాశాం. ముందు ఆమె పేరు, తరువాత నాది. పాత ఊహ తప్పని అందులో ఒక పేరా ఉండాల్సిందేనని ఆమే పట్టుబట్టి రాసింది.

ఆ కేసు తరువాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. లోతైన గుంత ఏదైనా సరే, బోల్టులకూ షాట్‌క్రీట్‌కూ మధ్య ఒక రోజు గోడలు చూడటానికి కావాలని ముందే అడుగుతాను. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఈ నగరం ఎత్తుకు ఎదగడానికి ముందు తన రాతిని కొద్ది రోజులు తెరిచి చూపిస్తుంది. ఆ రోజుల్లో చూడనిది ఇక చూడలేమని నాకు ఆ గోడ నేర్పింది.

ఇంకొకటి సువర్ణ నేర్పింది. ప్రశ్నకు జవాబు దొరికితే ఆమె మనసు కుదుటపడుతుందని అనుకున్నాను. అలా కాలేదు. ఆమె కోరుకున్నది జవాబొక్కటే కాదు. ఆ మధ్య కోకాపేటలో ఒక గుంతకు తీసుకెళ్లాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రతి పలకా తడిమి చూసింది. పగుళ్లున్నాయి, నున్నటి పలకలున్నాయి, ఒక్క గీత లేదు.

గేటు దగ్గర హెల్మెట్లు తిరిగి ఇచ్చేస్తూ, "ఏమీ దొరకలేదు, ఊరికే అలిసిపోయావు" అన్నాను.

"అలిసిపోయిన" అంది. కడుపునిండా తిన్న మనిషిలా, "మస్తు అలిసిపోయిన" అని నవ్వింది.

రోడ్డుకు అవతల మరో ఖాళీ స్థలం చుట్టూ మనుషులు రేకులు పాతుతున్నారు. లోపల ఒక యంత్రం అప్పుడే మట్టి తీయడం మొదలుపెట్టింది. సువర్ణ బూట్ల దుమ్ము దులుపుకోవడం మానేసి అటే చూస్తూ నిలబడింది. కారెక్కమని నేను మళ్లీ మళ్లీ పిలవాల్సి వచ్చింది.